చిన్న బండిలో కాపురం

బండి మార్చాక మొదట పోయింది ఫ్రిజ్. ఆ తర్వాత నిలబడే చోటు, దాని వెనకే స్నానాల గది. పాత మినీబస్సులో మూడూ ఉండేవి. నిటారుగా నిలబడి వంట చేసుకునేవాళ్లం, తలుపు వేసుకుని స్నానం చేసేవాళ్లం. దాన్ని అమ్మేసి మా ఆవిడా నేనూ మారుతి ఈకోలో కాపురం పెట్టాం. మూడున్నర మీటర్ల పైచిలుకు పొడవు, ఒకటిన్నర మీటరుకు కాస్త తక్కువ వెడల్పు. ముందు సీట్లు పోగా మిగిలేది ఇద్దరు పడుకునే చోటు. పగలు అదే కూర్చునే బల్ల, దాని కిందిదే బీరువా.

మార్చడానికి కారణం డబ్బు కాదు. పెద్ద బండి స్టీరింగు ముందు కూర్చోవడానికి మా ఆవిడ ఎప్పుడూ ఒప్పుకోలేదు. దూరమంతా నేనే నడపాలి, తను పక్కన కూర్చోవాలి. ఇద్దరం తిరుగుదామని బయల్దేరి ఒకరు డ్రైవరు, ఒకరు ప్రయాణికురాలు అయిపోయాం. ఇప్పుడు తమిళనాడులో విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా సుమారు 50 కిలోమీటర్లు తనే నడుపుతోంది. నాకు కిటికీ దొరికింది.

చిన్న బండిలో నేర్చుకోవలసిన విద్య ఒకటే, వరుస. రాత్రి పక్క వేయాలంటే ముందు నీళ్ల క్యాను ముందు సీటు కాళ్ల దగ్గరికి పోవాలి. బట్టల సంచులు డ్రైవరు సీటెక్కాలి. అప్పుడు వెనక తలుపు ఎత్తి, మడిచిన ప్లైవుడ్ పలకను సీటు వీపు మీదుగా పరవాలి. పరుపు మూడు ముక్కలు, మధ్య ముక్క ఆఖరున. దోమతెర కట్టాకే పక్క అద్దం దించాలి. వంట సామాను సొరుగు పలక కింద అగ్గిపెట్టె అరలా వెనక్కి జారుతుంది. అది వెనక తలుపు వైపు నుంచే బయటికొస్తుంది కాబట్టి పొద్దున కాఫీకి కావలసినవి రాత్రే తీసి పెట్టుకోవాలి. ఒకరు కదులుతుంటే రెండోవారు కదలకుండా కూర్చోవాలి. మొదట్లో ఇది నసగా ఉండేది. ఇప్పుడు మాటల్లేకుండానే జరిగిపోతోంది. ముప్పై ఏళ్ల సంసారంలో ఒకరి చేతి పని ఒకరం ఇంత దగ్గరగా గమనించింది లేదు.

చెక్కపని ఏదీ బోల్టులతో బిగించలేదు. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పదు, ఆర్టీవో అనుమతి ఉండాలి. అందుకే అన్నీ పట్టీలతో కట్టినవే, గంటలో విప్పి కింద పెట్టగలిగినవే.

వంట సర్దుకోవడంలో మాకు గురువులు లారీవాళ్లు. సాత్తూరు దగ్గర 44వ నంబరు హైవే పక్కన లారీలు ఆగేచోట ఒక డ్రైవరు వంట చేస్తుంటే చూశాం. లారీ పక్కన ఇనప పెట్టె. దాని మూత కిందికి దించి గొలుసుతో ఆపితే అదే గట్టు. పెట్టె లోపల స్టవ్వు, చుట్టూ రేకు, గాలి తగలదు. ఉల్లిపాయ తొక్కల దగ్గర్నుంచి అన్నీ ఒక పాత నూనె డబ్బాలోకి. కూర దించగానే గిన్నె కడిగి, ఆ నీళ్లనే చేతిమీద పోసుకుని, మూత ఎత్తేశాడు. వంటిల్లు మాయం. ఆ పెట్టె చూశాకే మేం స్టవ్వును బండి లోపల్నుంచి తీసేసి వెనక తలుపు కిందికి మార్చాం. ఎత్తిన తలుపు నెత్తిన చూరులా ఉంటుంది. గ్యాసుకు 5 కిలోల సిలిండరు చాలు. దానికి చిరునామా రుజువు అడగరు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. ఒక ఊరి చిరునామా లేకుండా తిరిగేవాళ్లకు ఇది చాలా పెద్ద సాయం.

నీళ్ల లెక్కే అన్నిటికన్నా ఎక్కువ మారింది. పాత బండిలో వంద లీటర్ల ట్యాంకు, అంటే వంద కిలోల బరువు. ఇప్పుడు ఇరవై లీటర్ల క్యాను. కోవిల్‌పట్టి కరిసల్ సీమలోది, మన నల్లరేగడి లాంటి నేల. ఇక్కడ తాగునీళ్లు తామ్రపర్ణి నుంచి పైపుల్లో రావాలి. బిందెలు వరుసలో పెట్టుకునే వీధిలోకి వంద లీటర్ల ట్యాంకుతో వెళ్లి పైపు పెట్టమని అడగడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. ఒక క్యాను పట్టుకుని వెళ్తే ఆ ఇబ్బంది లేదు. టీకొట్టు వాళ్లే నింపి ఇస్తారు, మనం అక్కడ టిఫిన్ చేస్తాం.

కరెంటు కూడా అంతే. ఇంత చిన్న పైకప్పు మీద ఒక్క సోలార్ పలకే పడుతుంది. పన్నెండు వోల్టుల చిన్న ఫ్యాను ఇరవై వాట్ల చొప్పున రాత్రంతా తిరిగినా రెండొందల వాట్ అవర్లు దాటదు. ఫ్రిజ్ లేదు కనుక సరిపోతోంది. ఎండాకాలం మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. ఏప్రిల్, మే నెలల్లో ఈ సీమలో మధ్యాహ్నం రేకుబండిలో మనిషి ఉండలేడు. సర్కారు తుమ్మ నీడ జల్లెడ నీడే. ఇక్కడికి రావాలంటే చలికాలంలోనే రావాలి. వానలు ఇంకా పోకముందు వస్తే నల్లమట్టిలో చక్రం దిగబడుతుంది. ఎంత తేలిక బండైనా తడిసిన రేగడి మీదికి దించకూడదు.

మరుగుదొడ్డి సంగతి దాచకుండా చెప్పాలి. చిన్న బండిలో నిజమైన కష్టం అదే, అదీ ఆడవాళ్లకు. రాత్రి ఎక్కడ ఆగాలన్నది ఇప్పుడు చెట్టును బట్టో గాలిని బట్టో కాదు, రాత్రంతా తెరిచి ఉండి, దీపం వెలిగే మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకును బట్టి. వారంలో ఓ రోజు లాడ్జిలో గది తీసుకుని స్నానాలూ బట్టలుతుకూ కానిస్తాం. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోకుండా ఎవరూ పెద్ద బండి అమ్మకండి.

కానీ పెద్ద బండిలో ఉండగా విరుదునగర్‌ను మేం బైపాస్ మీంచే చూశాం. కామరాజర్ పుట్టిన ఊరని తెలుసు, పప్పుదినుసులకూ మిరపకాయలకూ పేరున్న బజారని తెలుసు. బండి ఆ వీధుల్లో తిరగదు కనుక బయటే ఆపి, లోపలే వండుకుని, లోపలే తిని పడుకునేవాళ్లం. ఇప్పుడు బజారు పక్కనే ఆపుతున్నాం. పాలు రెండు పూటలా కొనాలి, కూరలు ఏ రోజువి ఆ రోజే. సాయంత్రం నూనెలో కరకరలాడేలా వేయించిన ఆ ఊరి పరోటా, మీద సాల్నా పులుసు. మనకు లేని ప్రతిదానికీ ఊళ్లో ఎవరో ఒకరి దగ్గరికి వెళ్లాలి. ఆ వెళ్లడమే నాకు ఇష్టమైపోయింది.

కోవిల్‌పట్టిలో వేరుశనగ చిక్కీ కొట్టు దగ్గర మేమిద్దరం తెలుగులో మాట్లాడుకుంటుంటే పక్కనున్న పెద్దావిడ మా బండి కేసి చూసి, "ఏమమ్మా, ఈ బండ్లోనే పడుకొనేదా మీరు?" అంది. నాలుగైదు వందల ఏళ్లుగా ఈ నేల మీద ఇళ్లలో నిలిచిన తెలుగు అది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ ఊరి చిక్కీని మా ఆవిడ చేతిలో పెట్టి, తన పిల్లలు ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడతారని చెప్పింది. పక్కనే ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాష కూడా తెలుగే. 1976లో ఆయన తమిళంలో రాసిన 'గోపల్లగ్రామం' నవల దక్షిణానికి పారిపోయి వచ్చిన తెలుగు కుటుంబాల కథ. ఆ వలసవాళ్లు వెంట తెచ్చుకున్న సామానులో ఇవాళ ఏది మిగిలిందో నాకు తెలియదు. మాట మాత్రం ఆ పెద్దావిడ నోట్లో ఉంది.

మన తెలుగువాళ్లకు బండిలో కాపురం అనగానే గుర్తొచ్చేది ఎన్టీఆర్ చైతన్య రథం. 1982లో ఆ షెవ్రోలె వ్యాను కొడుకు హరికృష్ణ నడుపుతుంటే ఆయన తినడం, పడుకోవడం, స్నానం అన్నీ రోడ్డు పక్కనే. ఆయనకు జనం ఎదురొచ్చేవారు. మాబోటి వాళ్లం మాత్రం పనిగట్టుకుని జనం దగ్గరికి పోవాలి, అందుకు బండి చిన్నదైతేనే వీలు.

ఇంకా తేలని పని ఒకటుంది. వెనక తలుపుకు వానకు ఆగే టార్పాలిన్ కుట్టించాలి. రెండు మీటర్లు చాలని నేను, స్టవ్వు దగ్గర ఇంకో మనిషి కూర్చోవాలంటే మూడు కావాలని మా ఆవిడ. సాత్తూరులో కుట్టేవాళ్లున్నారట, రేపు వెళ్తున్నాం. మూడే కుట్టించమంటాను.