కామత్‌ఘర్ గచ్చు మీద తుంగ దుబ్బు

భివండీలో కామత్‌ఘర్, పద్మానగర్ తెలుగు వాళ్ల పేటలు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి సాంచాల (మరమగ్గాల) పని మీద వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ ఎన్నో. చాలా ఇళ్లకు పెరడుండదు. మొక్క పెట్టాలంటే గచ్చో, వరండానో దిక్కు. ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఈ కొంకణ ప్రాంతంలో కుండీలో నీళ్లు నిలిస్తే గులాబీ, మల్లె వేళ్లు కుళ్లిపోతాయి. ఆ నీళ్లే బలమయ్యే మొక్కలు తుంగ జాతివి.

తుంగ పేరు వింటే రైతుకు ఒళ్లు మండుతుంది. వరి మడిలో, చేలో ఎంత పీకినా మళ్లీ మొలిచే కలుపు అది. అయితే దాని చుట్టాల్లోనే ఇంటికి అందమిచ్చేవి ఉన్నాయి. గుర్తుపట్టడం తేలికే. కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడండి. గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. తుంగ కాడకు చాలావరకు మూడంచులుంటాయి, కణుపులు కనిపించవు.

కొత్తవారికి గొడుగు తుంగ మేలు. ఆఫ్రికా, మడగాస్కర్ ప్రాంతాల మొక్క ఇది. కాడ చివర ఆకులు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి. అడుగున రంధ్రం లేని తొట్టిలోనూ బతుకుతుంది, సగం నీడనూ ఓర్చుకుంటుంది. విత్తనం అక్కర్లేదు. కాడతో సహా ఒక తలను కోసి, ఆకులను సగానికి కత్తిరించి, తలకిందులుగా నీళ్లలో వేస్తే వేళ్లు వస్తాయి. ముదిరిన దుబ్బును చీల్చి ఇరుగుపొరుగుకూ పంచవచ్చు. ఈజిప్టువాళ్లు కాగితం చేసిన పపైరస్ కూడా ఈ కుటుంబానిదే. కానీ పదడుగులు దాటుతుంది కాబట్టి, ఇరుకు వరండాకు దాని పొట్టి రకమే నయం.

ఎండ బాగా తగిలే చోట నిమ్మగడ్డి, వట్టివేరు పెట్టండి. ఇవి తుంగలు కావు, గడ్డి జాతివి. వీటి కుండీకి మాత్రం నీళ్లు పోయే దారి ఉండాలి. వట్టివేరు వేళ్లు నిలువునా లోతుకు దిగుతాయి, దానికి డ్రమ్ము కావాలి. అద్దకం రంగులు, రసాయనాలు వచ్చిన డ్రమ్ములు మాత్రం కడిగినా వాడకండి. జపాన్ నుంచి వచ్చిన చారల కారెక్స్ తుంగలు బొమ్మల్లో ముచ్చటగా ఉంటాయి కానీ, చల్లటి వాతావరణానికి అలవాటుపడినవి. ఈ ఉక్కలో వాటికి డబ్బు పోయడం దండగ.

నీళ్ల తొట్టిలో దోమలు పెరగకుండా నాలుగు గప్పీ చేపలు వదలండి. సాంచాల నుంచి ఎగిరే దూది నుసి ఆకులపై పేరుకుంటే నీళ్లు చల్లి కడగండి. ఎండిన కాడలను మొదలంటా కోయండి. పొలంలోని తుంగగడ్డలను మాత్రం కుండీలోకి తేవద్దు. నేల కింద గడ్డకు గడ్డ గొలుసుకట్టుగా పుట్టి తక్కిన మొక్కలను అణచేస్తాయి.

రంగు చూసి కాదు, మీ గచ్చు మీద ఎండెంత, నీళ్లెంత నిలుస్తాయో చూసి మొక్కను ఎంచుకోండి. జూన్ వానలకు ముందే ఒక గొడుగు తుంగతో మొదలుపెట్టండి.