బొటనవేలి పనితనం

బాల్ పైతాన్ పిల్ల గుడ్డు చీల్చుకుని బయటికొచ్చాక అమెరికాలో పెంపకందారులు ముందుగా తేల్చుకోవాలనుకునేది అది మగదా ఆడదా అన్నది. రంగు చెప్పదు, తల చెప్పదు. మొసళ్ళలో, చాలా తాబేళ్ళలో పొదిగిన వేడిని బట్టి అంచనా వేయొచ్చు. పాముల్లో ఆ వీలూ లేదు, అంతా క్రోమోజోముల పని. గుర్తు ఉన్నది తోక మొదట్లో, లోపల.

మగపాముకు పురుషాంగాలు రెండు. మలద్వారం నుంచి తోకలోకి, చేతి తొడుగు వేళ్ళు లోపలికి తిరగబడినట్టు, పక్కపక్కనే ముడుచుకుని ఉంటాయి. వాటిని బయటికి రప్పించే పద్ధతిని పెంపకందారులు ‘పాపింగ్’ అంటారు. పిల్లను వెల్లకిలా పట్టుకుంటారు. ఒక బొటనవేలు మలద్వారాన్ని కప్పిన పొలుసును తలవైపు కాస్త వెనక్కి లాగి ఉంచుతుంది. రెండో బొటనవేలు తోక మీద, ద్వారానికి కొద్ది పొలుసుల అవతల ఆని, అక్కడి నుంచి ద్వారం వైపు దొర్లుతుంది. దొర్లాలి, నొక్కకూడదు. పనితనమంతా ఆ తేడాలోనే ఉంది. బలం ఎక్కువైతే లేత తోక దెబ్బతింటుంది, తక్కువైతే ఏమీ బయటపడదు. చెయ్యి తిరిగినవాళ్ళు పిల్ల బిగుసుకున్నప్పుడు తొందరపడరు. అది సడలే క్షణం కోసం వేలు అక్కడే ఆనించి ఉంచుతారు.

మగదైతే ఎర్రటి మొలకలు రెండు పైకి లేస్తాయి. అవి కనిపించాయంటే ఇక వాదం లేదు. చిక్కంతా కనిపించనప్పుడే. పిల్ల ఆడదై ఉండొచ్చు, లేదా కండరాలు బిగబట్టిన మగదై ఉండొచ్చు. కాబట్టి పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకే దిక్కున పడుతుంది, మగది ఆడదిగా చెలామణీ అవుతుంది. ఆడ బాల్ పైతాన్ గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి మూడేళ్ళ దాకా పడుతుంది కనుక కొన్నవాడికి ఆ సంగతి తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. మంచి పెంపకందారు ఏమీ కనబడని పిల్లను ‘ఆడ’ అని వెంటనే రాసెయ్యడు, కొన్నాళ్ళాగి మళ్ళీ చూస్తాడు. ఆ ఆగడాన్ని నేను వేలి నేర్పుకన్నా పై మెట్టున పెడతాను.

పాము పెరిగి తోక బలిశాక పాపింగ్ పనిచేయదు. అప్పుడు ప్రోబ్ తీస్తారు. అది కొన గుండ్రంగా ఉన్న సన్నని ఉక్కు పుల్ల. 1975లో జోసెఫ్ లాస్లో దీన్ని ఆచరణకు పనికొచ్చే పద్ధతిగా వివరిస్తూ వ్యాసం రాశాడు. పుల్లకు జారుడు పదార్థం రాసి ద్వారం పక్క నుంచి తోకవైపు పోనిస్తే, ఆడదానిలో సాధారణంగా రెండు మూడు పొలుసుల దూరంలో ఆగుతుంది. మగదానిలో ఆరేడు పొలుసులు దాటి వెళ్తుంది. బలవంతంగా తోస్తే లోపల చిరిగి ఆడది కూడా మగదాని లెక్క చూపిస్తుంది. ఇక్కడ పొరపాటు ఎదురు దిక్కున కూడా పడొచ్చన్నమాట. లేత పిల్లల దగ్గర నాకు వేలి మీదే ఎక్కువ నమ్మకం. ఉక్కుకు ఎదుటి ప్రాణి బిగుసుకోవడం తెలియదు కదా.

ఈ వేళ్ళతో చూసి రాసుకున్న లెక్కలు శాస్త్రానికీ అక్కరకొచ్చాయి. ‘బనానా’ అనే పసుపు రకంలో తండ్రి నుంచి ఆ రంగు పొందిన మగపాముకు పుట్టే బనానా పిల్లలు ఎక్కువగా మగవి. తల్లి నుంచి పొందిన మగపాముకు పుట్టేవి ఎక్కువగా ఆడవి. పాములన్నిటిలో ఆడవాటికే జెడ్‌డబ్ల్యూ క్రోమోజోములు ఉంటాయని అప్పటిదాకా నమ్మేవారు. దానితో ఈ వరస పొసగలేదు. 2017లో టోనీ గ్యాంబుల్ బృందం ఒక బోవా జాతిలో, ఒక పైతాన్ జాతిలో మగవాటికి ఎక్స్‌వై క్రోమోజోములు ఉంటాయని చూపించింది.

ఇప్పుడు విడిచిన కుబుసంతో డీఎన్‌ఏ పరీక్ష చేయించుకునే వీలు కూడా ఉంది. బనానా పిల్లలకైతే తండ్రి వంశం తెలిస్తే సగం పని అయినట్టే. కానీ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల ప్రతి వరసలోనూ కొన్ని పిల్లలు లెక్క తప్పుతాయి. అవి ఏవో తేల్చాలంటే మళ్ళీ పిల్లను వెల్లకిలా తిప్పి బొటనవేలు ఆనించాల్సిందే.