కదిలే చోట తప్పుకునే శిల్పం

శిల్పశాలలో రెండో ఏడు గడిచేసరికి కొందరు పిల్లల్లో దిగులు మొదలవుతుంది. చెయ్యి తిరిగింది, మట్టి మాట వింటోంది. కానీ ఆ చేతితో ఏం చెయ్యాలో తెలియదు. శిల్పం నేర్పే నా దగ్గరికి అలాగే వచ్చిందో విద్యార్థిని. సాయంత్రాలు నాటక బృందంలో నటులకు రంగులు వేస్తుంది. "సార్, శిల్పం మానేసి మేకప్‌లోకి వెళ్లిపోనా?" అంది. "తర్వాత చూద్దాంలేమ్మా, ముందు మీ నటుల్లో ఒకరి ముఖానికి అచ్చు తియ్యి" అన్నాను.

అచ్చు తీయడం ఓపిక ఉన్నవాళ్ల పని. ఊపిరి ఆడేలా ముక్కు రంధ్రాలు వదిలి ముఖమంతా ఆల్జినేట్ పూయాలి. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థంతోనే పళ్ల డాక్టర్లూ అచ్చులు తీస్తారు. అది గట్టిపడ్డాక పైన ప్లాస్టర్ పట్టీలు వేసి జాగ్రత్తగా ఊడదీయాలి. ఆరి కుంచించుకుపోకముందే లోపల ప్లాస్టర్ పోస్తే నటుడి ముఖం చేతికొస్తుంది. దాని మీద నూనెమట్టితో ముడతలో, వంకర ముక్కో మలచి, మళ్లీ అచ్చు తీసి, ఫోమ్ లేటెక్స్‌తో పోత పోయాలి. ఇంతవరకూ శిల్పి పనే. అసలు పరీక్ష ఆ పోతను ముఖానికి అంటించాక మొదలవుతుంది.

ఆ అమ్మాయి మలచిన ముసలి ముఖం బల్ల మీద అద్భుతంగా ఉంది. అంటించాక నటుడు నవ్వాడు, ముఖం నవ్వలేదు. మందపాటి పొర కింద కండరం కదిలింది గానీ బయటికి ఏమీ రాలేదు.

ఈ చిక్కును హాలీవుడ్‌లో గొప్పగా విప్పినవాడు మేకప్ కళాకారుడు డిక్ స్మిత్. ఆయనా దారి వెతుక్కున్న విద్యార్థే. పళ్ల డాక్టరు కావాలని యేల్ విశ్వవిద్యాలయంలో చేరి, రంగస్థల మేకప్ పుస్తకం ఒకటి కంటపడి ఇటు తిరిగాడు. 1970లో వచ్చిన 'లిటిల్ బిగ్ మ్యాన్'లో డస్టిన్ హాఫ్‌మన్‌ను 121 ఏళ్ల వృద్ధుడిగా మార్చాడు. ముఖానికంతా ఒకే తొడుగు వెయ్యకుండా, కండరాల కదలికను బట్టి ముక్కలుగా చేసి, అంచులు పల్చగా ఒకదాని మీదికొకటి వచ్చేలా అంటించాడు. 'అమదియస్' చిత్రానికి మేకప్ ఆస్కార్ తెచ్చిపెట్టిన వృద్ధ సంగీతకారుడు సాలియేరి ముఖం కూడా ఆయన చేతి పనే.

కేరళ కథకళి కళాకారులకు ఈ మర్మం అంతకు చాలాముందే తెలుసు. నటుణ్ని నేల మీద పడుకోబెట్టి, బియ్యప్పిండి, సున్నం కలిపిన ముద్దతో దవడ వెంబడి 'చుట్టి' కడతారు. ఇప్పుడు దానికి కాగితపు అంచులూ చేరుస్తున్నారు. అక్షరాలా శిల్పమే అది. గంటల తరబడి సాగుతుంది. కానీ చాలా వేషాల్లో దవడ గీత దగ్గరే ఆగిపోతుంది. కళ్లు, కనుబొమలు, చెంపలు రసం పలకాల్సిన చోట్లు కాబట్టి అక్కడ రంగే తప్ప ముద్ద ఉండదు. ఎక్కడ మలచాలో, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలో ఇంత స్పష్టంగా చెప్పే పాఠం నాకు ఏ శిల్పశాలలోనూ దొరకలేదు.

వెలుగు దగ్గరా ఇలాంటి పాఠమే ఉంది. మట్టి తలలో కంటిగుంట తవ్వితే నీడ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. రంగస్థలం మీద ఎదురుగా పడే దీపాలు ఆ నీడను తుడిచేస్తాయి. దాన్ని ముదురు రంగుతో మళ్లీ పిలవాలి. రెండూ తెలిసినవాళ్లకు ముఖం చదవడం వస్తుంది.

ఆ విద్యార్థిని ఇప్పుడు శిల్పం, మేకప్ రెండూ చేస్తోంది. మామూలు మట్టి తల మలిచేటప్పుడు కూడా దవడ ఎటు కదులుతుందో ముందు చూసుకుంటోంది. ఆమె బొమ్మల్లోకి ప్రాణం వచ్చింది అక్కడినుంచే.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్లో లలితకళలు, రంగస్థల కళలు ఒకే గొడుగు కింద ఉన్నాయి. ఇలా రెండు విద్యలూ పక్కపక్కనే నేర్పే ప్రతిచోటా ఏడాదికి ఒక్క పాత్రనైనా ఉమ్మడి పరీక్షగా పెట్టాలని నా కోరిక. శిల్ప విద్యార్థి ముఖం మలచాలి, నటన విద్యార్థి దాన్ని వేసుకుని మాట్లాడాలి, మార్కులు ఇద్దరికీ కలిపి వెయ్యాలి. దారి తెలియని పిల్లలకు సలహాల కంటే ఇలాంటి పని ఒకటి అప్పజెప్పడమే మేలు.