మసకచీకటిలో మనుష్యరూపము: తైలవర్ణలేఖనము

మన చిత్రకళకు రేఖ ప్రాణము. లేపాక్షి మండపపు కప్పుమీది స్త్రీపురుషులు వెలుగునందుగాని నీడయందుగాని లేరు. ఎఱ్ఱని నేలపై నల్లని గీతల నడుమ శాశ్వతముగా నిలిచియున్నారు. బొంబాయి జె.జె. కళాశాలలో పాశ్చాత్యపద్ధతిని అభ్యసించియు దామెర్ల రామారావు (1897–1925) రేఖాలాలిత్యమును విడువలేదు. మసక వెలుతురు గల గదిలోని మనుష్యులను తైలవర్ణములతో చిత్రింపబూనిన తెలుగువాడు మొట్టమొదట త్యజింపవలసినది ఆ రేఖనే.

తెల్లని కాన్వాసు ఇట్టి చిత్రమునకు శత్రువు. దాని ప్రక్కన ప్రతి నీడయు ఉన్నదానికంటె నల్లగా తోచి కంటిని మోసగించును. అందుచే అంబరు మట్టిరంగును టర్పెంటైనుతో పలుచన చేసి గుడ్డ నిండ పూసి, అది తడిగా నుండగనే, వెలుగుపడు నుదుటిని, చెక్కిలిని, ముంజేతిని పేలికతో తుడిచి వెలికితీయుదురు. పిమ్మట వేయు పొరలలో అడుగుదానికి నూనె తక్కువ, పైదానికి ఎక్కువ ఉండవలెను. ఏలయన అవిసెనూనె నీటివలె ఆవిరియై పోదు, గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. నూనె హెచ్చైన పొరపై త్వరగా ఆరు పొరను వేసినచో పైది బీటలు వారును. విశాఖపట్టణమువంటి తేమగల తీరమున ఈ ఆరుదల మరింత మందగించును గనుక, తొందరపడిన చిత్రకారునకు ఇచ్చట శిక్ష తప్పదు.

నీడలు పలుచగను, వెలుగులు దళసరిగను ఉండవలెనని పూర్వచిత్రకారుల నియమము. కేవలము నలుపు పూసిన నీడ గోడకు పడిన రంధ్రమువలె నిర్జీవమగును. కాల్చిన సియన్నా, అల్ట్రామెరైను అను రంగుల పలుచని పొరలగుండ కాంతి అడుగువఱకు పోయి మరలి వచ్చినప్పుడే ఆ చీకటికి లోతు కలుగును. చీకటివైపు భుజము గోడలో కలిసిపోవలెను. దీపమువైపు అంచుమాత్రము స్పష్టముగా నిలువవలెను. తెలుపును కడపట, అతిస్వల్పముగా వాడవలెను.

వెలుగు వచ్చు దిక్కు తావునుబట్టి మారును. సింహాచలపు గర్భాలయమున దీపకాంతి మీదనో ప్రక్కనో నుండి పడును; విశాఖ ఉక్కు కర్మాగారమున గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అను కొలుముల నుండి ద్రవలోహము పాఱునప్పుడు వెలుగు క్రిందినుండి వచ్చి, గడ్డమును కనుబొమల అడుగును ప్రకాశింపజేసి, నుదుటిని చీకటికి వదలును. ఇట్టి వెలుగును చిత్రించుట క్రొత్త కాదు. 1772లో ఇంగ్లండున జోసెఫ్ రైట్ ఇనుపకొలిమిని చిత్రించెను. 1872–75 నడుమ జర్మనీయుడైన మెంజెల్ ఇనుపపట్టాలమిల్లును చిత్రించుచు, ఒకమూల భోజనము చేయు శ్రామికులను సైతము మఱువలేదు.

ఇట్టి దృశ్యమునకు ఛాయాచిత్రము చాలదు. కరగిన ఇనుపకాంతికి సరిపోవునట్లు తీసిన ఛాయాచిత్రమున మనుష్యులు నల్లని ఆకారములగుదురు. మనుష్యులకు సరిపోవునట్లు తీసినచో ఇనుము తెల్లని మచ్చయగును. కన్ను ఒకదానినుండి మఱొకదానికి మరలి రెంటిని చూడగలదు. ఆ చూపును ఒకే పటముపై నిలుపగల శక్తి తైలవర్ణపు పొరలకు కలదు. జమీందారులు పగటి వెలుగున తీరికగా కూర్చుండి తమ రూపములను వ్రాయించుకొనిరి. రాత్రి షిఫ్టున పనిచేయువానికి అట్టి వెలుగు లేదు, అట్టి తీరికయు లేదు. వాని రూపమును వాని పనియొక్క వెలుగునందే వ్రాయనేర్చుట విశాఖ చిత్రకారులకు తగిన విద్య.