ప్రొద్దుటూరు పరీక్ష

తెలుగులో సర్టిఫికెట్లో, పోస్టర్లో తయారుచేసే ప్రోగ్రాం ఏది చేతికొచ్చినా మొదట దానితో మూడు ఊళ్ల పేర్లు రాయించి చూస్తాను: పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. మా కడప జిల్లా మీద అభిమానం ఒక్కటే కారణం కాదు. పులివెందులలో వత్తే లేదు. జమ్మలమడుగులో ఒకటుంది. ప్రొద్దుటూరులో రెండు, పైగా మొదటి అక్షరానికే రవత్తు, ఒత్వం రెండూ ఉన్నాయి. తెలుగు కూర్చడం రాని ప్రోగ్రాం పులివెందులను ఎలాగో నెట్టుకొస్తుంది గానీ ప్రొద్దుటూరు దగ్గర దొరికిపోతుంది. ‘ప్‌రొద్‌దుటూరు’ అని పొల్లులు పొడుచుకొస్తాయి.

అప్పుడు చాలామంది ఫాంటును అనుమానిస్తారు. మండలి తీసేసి రామభద్ర పెడతారు. ఏమీ మారదు. యూనికోడ్‌లో ‘ప్రొ’ అంటే ప, పొల్లు, ర, ఒత్వం అనే నాలుగు సంకేతాలు. ఫాంటులోని రూపాలతో వాటిని ఒక్క అక్షరంగా కూర్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లో అనే లైబ్రరీ ఆ పనిని రాక్మ్ అనే మరో లైబ్రరీ ద్వారా చేయించుకుంటుంది. రాక్మ్ లేకుండా పిల్లోను బిల్డ్ చేస్తే ఎర్రర్ రాదు. సంకేతాలను వరసగా పేర్చేసి పని పూర్తయిందంటుంది. ఇంగ్లిషు రాతలో ఈ లోపం బయటపడనే పడదు.

అందుకే ‘ఇన్‌స్టాల్ అయింది’ అన్న మాట నాకు చాలదు. ఏయే ఆప్షన్లతో బిల్డ్ చేశారు, దాని కింది లైబ్రరీల సంగతేమిటి అని కూడా అడగాలి. రెండో ప్రశ్నను వదిలేస్తే ఏమవుతుందో పిల్లోయే చూపిస్తుంది. 2021లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి రెడీమేడ్ ప్యాకేజీలో రాక్మ్‌ను కలిపే ఇస్తున్నారు. అయితే రాక్మ్‌కు కావలసిన ఫ్రిబిడి అనే లైబ్రరీని మాత్రం నడిచేటప్పుడు మెషీన్‌లో వెతుక్కుంటుంది. అది దొరకకపోతే రాక్మ్ ఉన్నా లేనట్టే.

చూసుకోవడం కష్టమేమీ కాదు. పిల్లోలోని ఫీచర్స్ మాడ్యూల్‌ను అడిగితే రాక్మ్ పనిచేస్తుందో లేదో చెబుతుంది. బొమ్మలు తయారుచేసే మరో ప్రోగ్రాం ఇమేజ్‌మ్యాజిక్‌ను వెర్షన్ అడిగితే డెలిగేట్స్ వరసలో రాక్మ్, అలాంటి పనే చేసే పాంగో పేర్లు ఉన్నాయో లేదో తెలుస్తుంది. జెంటూ లినక్స్ అయితే ప్యాకేజీ వేయకముందే యూజ్ ఫ్లాగులు అనే ఆప్షన్లను చూపిస్తుంది. ఫ్లాగు పేరు ముందు మైనస్ గుర్తుంటే ఆ సదుపాయం ఆపేసినట్టు. ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్‌లో ‘మేక్ షోకాన్ఫిగ్’ అంటే ఆప్షన్లన్నీ కనబడతాయి.

పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో, ప్రొద్దుటూరు యోగివేమన ఇంజినీరింగ్ కాలేజీలో చదివే పిల్లలకు నేను చెప్పేదొకటే. ఈ తనిఖీని మీ ప్రోగ్రాం మొదట్లోనే రాయండి. రాక్మ్ లేకపోతే అక్కడే ఆగిపోవాలి, తప్పుడు తెలుగు బయటికి పోకూడదు. ఆప్షన్ ఆపేసిన ప్యాకేజీ కనిపిస్తే సర్దుకుపోకండి. దాన్ని చూసుకునేవాళ్లకు తప్పు బొమ్మ, ఒప్పు బొమ్మ పక్కపక్కన పెట్టి, ఆప్షన్ పేరుతో సహా రాయండి. వాళ్లకు తెలుగు చదవడం రాకపోవచ్చు. మనకు వచ్చు కాబట్టి చెప్పాల్సిన బాధ్యత మనదే.