డిమ్స్‌డేల్, గాంట్రీ: ఇద్దరు బోధకులు, రెండు వేషాలు

అమెరికా నవలల్లో వేషధారి బోధకుడంటే నాకు ముందుగా ఇద్దరు గుర్తొస్తారు. ఒకడు నథానియల్ హాథార్న్ 1850లో ప్రచురించిన ‘ది స్కార్లెట్ లెటర్’లోని ఆర్థర్ డిమ్స్‌డేల్. రెండోవాడు సింక్లెయిర్ లూయిస్ 1927లో తెచ్చిన ‘ఎల్మర్ గాంట్రీ’ కథానాయకుడు. మొదటివాడు తన పాపం తలచుకుని కుమిలిపోతాడు. రెండోవాడికి కుమిలిపోవడమే తెలియదు.

హాథార్న్ కథ పదిహేడో శతాబ్దపు బోస్టన్‌లో నడుస్తుంది. భర్త దగ్గర లేని కాలంలో తల్లి అయిన హెస్టర్ ప్రిన్, గుండెల మీద ఎర్ర అక్షరంతో, చేతుల్లో పసిబిడ్డతో, ఊరంతా చూస్తుండగా శిక్షావేదిక మీద నిలబడింది. బిడ్డ తండ్రి పేరు ఆమె చేత చెప్పించే పని పెద్దలు డిమ్స్‌డేల్‌కే అప్పగించారు. ఆ తండ్రి అతడే. ఆమె నోరు విప్పలేదు. తర్వాత ఏడేళ్లు అతను రహస్యంగా ఉపవాసాలున్నాడు, కొరడాతో తన ఒళ్లు తానే చీరుకున్నాడు. తాను ఘోరపాపినని ప్రసంగాల్లో పదేపదే అన్నాడు గాని, ఏ పాపమో చెప్పలేదు. సంఘం దాన్ని వినయమనుకుని అతన్ని ఇంకా నెత్తిన పెట్టుకుంది. అలా అనుకుంటారని అతనికీ తెలుసు. నవల మొత్తంలో నన్ను భయపెట్టిన చోటు ఇదే. పాపం కప్పుకోవడానికి ఒప్పుకోలు కూడా పనికొస్తుంది.

గాంట్రీకి కొరడా అక్కర్లేదు. గొప్ప గొంతుంది, అది చాలు. ప్రేమ మీద అతను చేసే ప్రసంగంలోని మాటలు, క్రైస్తవాన్ని బహిరంగంగా ఎదిరించిన రాబర్ట్ ఇంగర్‌సాల్ దగ్గర దొంగిలించినవి. చివరికి సెక్రటరీతో సంబంధం పత్రికలకెక్కితే, లాయరు స్నేహితుడు ఆమె చేత మాట వెనక్కి తీయించాడు. పాస్టరు నిర్దోషి అని సంఘం హల్లెలూయా కేకలు వేసింది. అప్పుడు చేసిన ప్రార్థన మధ్యలోనే అతని చూపు కొత్తగా చేరిన గాయని కాళ్ల మీదికి పోయింది.

మనసు లోతులు చూపడంలో లూయిస్ హాథార్న్‌కు సాటిరాడు. అయినా హాథార్న్‌తో నాకొక పేచీ ఉంది. డిమ్స్‌డేల్ వేదనను ఎంత అందంగా రాశాడంటే, చివర్లో అతను వేదికెక్కి ఒప్పుకుని ప్రాణం విడుస్తుంటే మన కన్నీళ్లన్నీ అతనికే పోతాయి. ఆ ఏడేళ్ల నింద మోసింది హెస్టర్. తండ్రి పేరు లేకుండా పెరిగింది ఆమె బిడ్డ పెర్ల్. లూయిస్ తన బోధకుడి మీద మనకు అలాంటి జాలి కలగనివ్వలేదు. హెచ్చరికగా అతని నవలే పదునైనది. హెస్టర్‌ను నిలబెట్టిన ఆ బోస్టన్‌లోనే ఆ పుస్తకాన్ని నిషేధించారు.

దావీదు రాజు ఎదుట నిలబడి అతని పాపం చెప్పిన నాతాను ప్రవక్త లాంటివాడు ఈ రెండు సంఘాల్లోనూ లేడు. డిమ్స్‌డేల్ గుట్టు పసిగట్టిన హెస్టర్ భర్త చిల్లింగ్‌వర్త్ దాన్ని పగకు వాడుకున్నాడు. గాంట్రీ గుట్టు తెలిసిన లాయరు దాన్ని పూడ్చిపెట్టాడు.

దైవజనుణ్ణి ప్రశ్నించకూడదన్న మాట మన తెలుగు సంఘాల్లోనూ వినిపిస్తుంది. అలా అనేవాళ్లు నాతాను కథ ఉన్న సమూయేలు రెండో గ్రంథం పన్నెండో అధ్యాయం మరోసారి చదవాలి. సంఘ పెద్దలారా, ఫిర్యాదుతో వచ్చిన స్త్రీని కూర్చోబెట్టి పూర్తిగా వినండి. కానుకల లెక్క అడిగిన విశ్వాసిని విరోధి అనకండి.