విప్పితే మళ్లీ దారమే

బెజవాడలో స్వెటర్ అల్లేవాళ్లంటే చూసేవాళ్లకు కాస్త జాలి. "ఈ ఎండల్లో ఊలు పట్టుకుని కూర్చున్నారేంటండీ?" అని అడగని చుట్టం లేదు. చలికాలం రాగానే టిబెటన్లు రోడ్డు పక్కన దుకాణాలు పెడతారు. అక్కడ దొరికే స్వెటర్ ఖరీదు నేను ఒక్క ఊలుకే పెట్టే ఖర్చు కన్నా తక్కువ. లెక్క చూస్తే శుద్ధ దండగ. అయినా సాయంత్రం టీ తాగాక సూదులు పట్టుకోకపోతే నా చేతులు ఊరుకోవు.

ఉన్నవి రెండే కుట్లు, సీదా, ఉల్టా. ఎంత ఘనమైన డిజైనైనా ఈ రెంటితోనే. జడ డిజైనే చూడండి. మూడు కుట్లు అల్లకుండా విడి సూది మీదకు తీసి ముందుకు వదిలేస్తాం, తర్వాతి మూడూ అల్లేసి, ఆగినవాటిని అప్పుడు అల్లుతాం. వరసలో స్థానాలు తారుమారవుతాయి, అంతే. నాలుగు వరసలు పోయాక చూస్తే పాయ మీద పాయ పడి ఉంటుంది. కిటుకు తెలిసినా ప్రతిసారీ నాకు సరదాయే.

ఇక విసుగు సంగతి. స్వెటర్ మొదలెట్టే ముందు చిన్న చదరపు ముక్క అల్లి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు పడుతున్నాయో చూసుకోవాలి. ఇది ఎవరికీ ఇష్టం ఉండదు. డిజైన్ 22 కుట్లు అంటుంది. మీ చెయ్యి వదులై 20 పడ్డాయనుకోండి, 220 కుట్లతో 100 సెంటీమీటర్లు రావలసిన ఛాతీ 110 అవుతుంది. మొగుడికని మొదలెట్టింది బొద్దుగా ఉండే మరిదికి చేరుతుంది. సన్న సూది తీసుకుందామంటే అక్కడా తిరకాసే. పాత ఇంగ్లీషు లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25.

రంగు గొడవ వేరే. ఊలు చీటీ మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరూ ఉంటుంది. అది కలవకపోతే "అదే రంగమ్మా" అని దుకాణం అబ్బాయి ఎంత ఒట్టేసినా నమ్మకూడదు. ట్యూబులైటు కింద ఒకటిగానే కనబడి, డాబా ఎక్కితే చేతులు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు.

ఏది తేడా వచ్చినా మందు ఒకటే, విప్పడం. నేసిన బట్టకు పడుగు, పేక ఉంటాయి. అల్లికకు ఒకే దారం సరిపోతుంది. అందుకే అంత సాగుతుంది, కొస దొరికితే అంత తేలిగ్గా ఊడుతుంది. నెల పని పది నిమిషాల్లో ఒళ్లో కుప్ప పడుతుంది. ఆ దారం నూడుల్స్‌లా వంకర్లు తిరిగి ఉంటుంది. కుర్చీ వీపుకు చుట్టి, చిలపగా కట్టి, తడిపి దండెం మీద ఆరేస్తే చాలావరకు సర్దుకుంటుంది. తిట్టుకుంటూనే మళ్లీ మొదలెడతాను. ఎవరూ అడగరు, ఎవరికీ బాకీ లేదు.

ఈ సౌకర్యం అందరికీ లేదు. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లే ఆడవాళ్లకు ఊలు కాదు, నూలు దారం. రెండు సూదులు కాదు, ఒక్క కొక్కెం సూది. 19వ శతాబ్దంలో మిషనరీల వెంట వచ్చిన ఆ పని ఇంటింటికీ పాకింది, 2024లో జీఐ గుర్తింపూ దక్కింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ వాళ్ల గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంటిపట్టున ఉండే ఇల్లాళ్లు తీరిక వేళ చేసుకునే పనిగా దీన్ని లెక్కగట్టడం వల్లే, గంటల తరబడి అల్లినా వాళ్లకు అంత తక్కువ ముట్టిందని ఆమె తేల్చారు. నాది నిజంగా తీరికే. వాళ్ల పనికి ఆ పేరు పెట్టింది వాళ్లు కాదు. నేను ఒక వరస విప్పితే నాకు విసుగు. అల్లినదానికే డబ్బు వచ్చే మనిషికి అది కూలి నష్టం.

అందుకే నాకు అల్లిక హాబీ అని చెప్పుకోవడానికి మొహమాటం లేదు గానీ, లేసు అల్లేవాళ్లది కూడా ఆ కోవలోదేనని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఈసారి నర్సాపురం లేసు టేబుల్ క్లాత్ కొంటే, బేరం మొదలెట్టే ముందు అల్లినావిడ చేతికి ఎంత వెళ్లిందో దుకాణంలో ఒక్కమాట అడగండి.